బ్లూయీ చూసే పిల్లల పెద్దవాళ్ళు ఇటు రండి: అక్కాచెల్లెళ్ళ ఆటలు, మన గోదారి ఇళ్ళు

పాలకొల్లు_అమ్మ

అందరికీ నమస్కారమండి. మా పాపకి ఐదేళ్ళు నిండాయి, బాబుకి మూడు. రిమోట్ దగ్గర తగువే, స్నానం దగ్గర తగువే, ఆఖరికి బస్సులో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్నా తగువే. కొన్నాళ్ళ కిందట మా ఆడపడుచు బ్లూయీ అనే కార్టూన్ పెట్టి చూపించమంది. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఇది ఆస్ట్రేలియాది. బ్లూయీ ఆరేళ్ళ కుక్కపిల్ల, బింగో దాని నాలుగేళ్ళ చెల్లెలు. నాన్న పేరు బాండిట్, అమ్మ చిల్లీ. ఒక్కో కథ ఏడు నిమిషాలు. రాక్షసులు లేరు, పేలుళ్ళు లేవు. ఇంట్లో చేతికి దొరికినదానితో ఆడుకుంటారు, మధ్యలో పేచీ వస్తుంది, సర్దుకుంటారు. అంతే కథ.

బెలూన్ నేల మీద పడకుండా కొడుతూ ఉండే ఆట ఒకటుంది అందులో. అది చూశాక మా ఇద్దరూ టీవీ ముందు నుంచి వాళ్ళంతట వాళ్ళే లేచి, పుట్టినరోజుకి తెచ్చినవాటిలో మిగిలిన బెలూన్ ఊదించుకుని హాల్లో మొదలుపెట్టారు. బాబుకి చెయ్యి అందక మొహం ముడుచుకుంటే పాప మోకాళ్ళ మీద కూర్చుని, బెలూన్ సరిగ్గా వాడి ముక్కు ముందుకి వచ్చేలా కొట్టింది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. నాకు చాలా ముచ్చటేసింది.

మీ ఇళ్ళలో ఎవరైనా చూస్తున్నారా? ఏ కథలు బాగున్నాయి? అసలు ఈ వయసు పిల్లలకి ఎంతసేపు చూపించవచ్చు? మా అత్తగారికి మాత్రం ఇది నచ్చలేదు. కన్నతండ్రిని పట్టుకుని పిల్లలు అలా ఆడించడమేమిటి అంటున్నారు.

తణుకు_అక్క

మావాడు పెప్పా పిగ్ బ్యాచ్ అండి. అది 2004లో ఇంగ్లండులో మొదలైంది, కథ ఐదు నిమిషాలే. పెప్పా, తమ్ముడు జార్జ్, 2025లో ఇంకో చెల్లెలు కూడా పుట్టింది. బురద గుంటల్లో గెంతడం మావాడు అక్కడే నేర్చుకున్నాడు. మన ఊళ్ళో వానాకాలం బురదకి కరువా, హాయిగా గెంతుతున్నాడు. కాకపోతే అందులో నాన్నని ఊరికే లోకువ చేస్తుంటారు, అది నాకు కొంచెం ఇబ్బంది. బ్లూయీలో నాన్న కూడా అలాగే ఉంటాడా?

రాజోలు_మాస్టారు

అమ్మా, మీ అత్తగారి మాటే నా మాట కూడా. నేను రిటైర్డ్ టీచర్ని. మనవరాలి పక్కన కూర్చుని ఈ బ్లూయీ శ్రద్ధగానే చూశాను. కథలు శుభ్రంగా ఉన్నాయి, అందులో అనుమానం లేదు. కానీ ఆ తండ్రిని పిల్లలు ఒకసారి గుర్రాన్ని చేస్తారు, ఒకసారి రోగిని చేస్తారు, ఒకసారి కదలకుండా బొమ్మలా నిలబెట్టేస్తారు. తండ్రి అంటే ప్రేమతో పాటు కాస్త జంకు కూడా ఉండాలని నమ్మేవాణ్ణి నేను. మనవరాలు ఇప్పుడు వాళ్ళ నాన్న ఆఫీసు ఫోన్లో మాట్లాడుతుంటే కూడా వెళ్ళి వీపు మీద ఎక్కుతోంది. ఎప్పుడు ఆడాలో ఎప్పుడు ఆగాలో ఆ కార్టూన్ చెబుతోందా అనేది నా ప్రశ్న.

చెరువుగట్టు_నాన్న

మాస్టారూ, ఆ వీపు మీద ఎక్కించుకునే నాన్నల్లో నేనొకణ్ణి అండి. ఉండి దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాను. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. పొద్దున ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా అలసట. అలాంటప్పుడు పిల్లలు దగ్గరికొస్తే ఇదివరకు ఫోన్ చేతిలో పెట్టి పడుకునేవాణ్ణి. మన జిల్లాలో చాలామంది నాన్నలు చేసేది అదే.

బాండిట్‌లో నాకు నచ్చింది ఒకటే. ఆయనా అలసిపోతాడు. మంచం మీద నుంచి లేవలేక మూలుగుతాడు, కాసేపు వదిలేయండర్రా అని బతిమాలతాడు. అయినా ఆటలోకి దిగుతాడు, దిగాక పూర్తిగా దిగుతాడు. ఏడు నిమిషాల ఆట ఆడటానికి నాకు లేని ఓపిక అంటూ ఏమీ లేదని అర్థమైంది. ఇప్పుడు ఇంటికి రాగానే గేటు దగ్గర నుంచి నీళ్ళ తొట్టి దాకా ఉప్పుమూట. పెద్దదాన్ని ఒకసారి, చిన్నదాన్ని ఒకసారి. ఆ తర్వాత నాన్న పడుకుంటాడు అంటే ఇద్దరూ ఒప్పుకుని వెళ్ళిపోతున్నారు. ఆగడం కూడా ఆట ఆడినవాడు చెబితేనే వింటారండి.

తణుకు అక్కా, లోకువ చేయడం ఉంటుంది గానీ నాన్న కావాలని లోకువైపోతాడు, పిల్లలకీ ఆ సంగతి తెలుసు. రెండిటికీ చాలా తేడా ఉంది.

పిల్లల_డాక్టర్_కాకినాడ

ఎంతసేపు అన్నదానికి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఏమిటంటే, రెండేళ్ళు నిండని పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. మన దేశంలో పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ళ లోపు వద్దంటుంది, రెండు నుంచి ఐదేళ్ళకి గంటే పరిమితి. దూరంగా ఉన్న కుటుంబ సభ్యులతో వీడియో కాల్ ఫర్వాలేదు. నా ఓపీకి వచ్చే అమ్మలకి నేను అదనంగా చెప్పేది రెండు మాటలు. అన్నం తినిపించేటప్పుడు పెట్టకండి. పక్కన కూర్చోకుండా పెట్టకండి. మూడేళ్ళ బిడ్డ ఒంటరిగా చూసే మంచి కార్టూన్ కన్నా, అమ్మతో మాట్లాడుతూ చూసే మామూలు కార్టూన్ మేలు.

బ్రిస్బేన్_అమలాపురం

ఆయ్, మా ఊరి కార్టూన్ గురించి మాట్లాడుతున్నారని ఇప్పుడే చూశానండి. పుట్టింది అమలాపురం, ఉంటున్నది బ్రిస్బేన్. బ్లూయీ తయారైంది ఈ ఊళ్ళోనే, లూడో స్టూడియోలో. రాసింది జో బ్రమ్ అనే ఆయన. ఇంగ్లండులో యానిమేటర్‌గా పనిచేసి తిరిగొచ్చాడు. ఆయనకీ ఇద్దరు ఆడపిల్లలే, వాళ్ళ ఆటలు చూసే ఇవి రాశాడు. ఇక్కడి ఏబీసీ టీవీ సంస్థ, బ్రిటన్ బీబీసీ స్టూడియోస్ కలిసి తీయించాయి. 2018 అక్టోబరు 1న మొదటిసారి వచ్చింది, మూడు సీజన్లలో 154 కథలు. 2024లో అమెరికాలో ఆన్‌లైన్‌లో జనం అన్నిటికన్నా ఎక్కువసేపు చూసినది పెద్దవాళ్ళ సీరియల్ ఏదీ కాదు, ఈ కుక్కపిల్లల కార్టూనే.

ఇక్కడుండి చూస్తే తెలిసేది ఏమిటంటే, వాళ్ళు ఊరిని ఎక్కడా దాచలేదు. చెత్తకుండీల చుట్టూ తిరిగే తెల్లకొంగలాంటి ఐబిస్ పక్షులు, సాయంత్రం గోల చేసే రంగురంగుల చిలకలు, ఎండకి వెలిసిన పెరటి గడ్డి, ఉన్నవి ఉన్నట్టు గీశారు. బ్లూయీ వాళ్ళ ఇల్లు ఇక్కడి పాతకాలపు పద్ధతి. కొయ్య స్తంభాల మీద నేలకి ఎత్తుగా కడతారు, చుట్టూ వరండా, పైన రేకు. ఎండకీ వరదకీ తట్టుకోవడానికి. 2011లో, 2022లో బ్రిస్బేన్ నది పొంగి ఊళ్ళోకి వచ్చింది. గోదారి ఒడ్డున పుట్టినవాడికి ఆ ఇల్లు ఎందుకు అంత ఎత్తులో ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మాటతీరు కూడా ఆస్ట్రేలియా యాసే ఉంచారు, అమెరికా వాళ్ళ కోసం మార్చలేదు. పిల్ల పాత్రలకి గొంతు ఇచ్చిన పిల్లల పేర్లు బయటపెట్టరు. అది నాకు చాలా నచ్చిన సంగతి.

రాజోలు_మాస్టారు

బ్రిస్బేన్ బాబూ, ఆ ఇంటి సంగతి చెప్పి మంచి పని చేశావు. మా మండువా ఇంట్లో అరుగులు మనిషి నడుమెత్తు. వరద వస్తే మెట్లు ఎన్ని మునిగాయో చూసి పెద్దవాళ్ళు నిర్ణయాలు తీసుకునేవారు. వానాకాలంలో చిన్నపిల్లల ఆటంతా మండువాలోనే. నాలుగు వైపుల చూర్ల నుంచి నీళ్ళు పడుతుంటే కాగితం పడవలు వదిలేవాళ్ళం. గుజ్జన గూళ్ళు, అచ్చనగిల్లలు, వామనగుంటలు, దాగుడుమూతలు... ఇవన్నీ అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు కలిసి ఆడే ఆటలే. మా పెద్దక్క చింతగింజలు పంచేటప్పుడు నాకు రెండు ఎక్కువ వేసేది, నేను చిన్నవాణ్ణని. అదీ మరి పెంపకం.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఈ ఆటల్లో పెద్దవాళ్ళు ఉండేవారు కాదు. పిల్లల లోకం పిల్లలదే. ఇప్పుడు పెద్దవాళ్ళు బొమ్మలు కావలసి వస్తోందంటే వీధిలో తోటిపిల్లలు కరువైనట్టు కాదా?

అంగన్‌వాడీ_టీచర్

మాస్టారూ, ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజమండి. ముమ్మిడివరం వైపు మా సెంటర్‌లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలే అంతా. వీధిలో ఆడుకుని వచ్చిన పిల్లని, ఇంట్లో ఫోన్‌తో ఉండి వచ్చిన పిల్లని మొదటి రోజే పోల్చుకోగలను. రెండో పిల్లకి వంతు అంటే ఏమిటో తెలియదు. ఉయ్యాల ఎక్కితే దిగదు.

బ్లూయీలో బామ్మల కథ ఒకటుంది, నేను దాన్ని సెంటర్‌లో టీవీ లేకుండానే వాడుకున్నాను. అక్కాచెల్లెళ్ళు శాలువా కప్పుకుని ముసలమ్మల వేషం వేస్తారు. బింగో ముసలమ్మ వేషంలోనే ఫ్లాస్ డాన్సు, అంటే చేతులు, నడుము అటూ ఇటూ ఊపే డాన్సు చేస్తుంది. బామ్మలు అలా చెయ్యలేరంటుంది బ్లూయీ, చేస్తారంటుంది బింగో. తేల్చుకోవడానికి నాన్నమ్మకి వీడియో కాల్ చేస్తారు. ఆవిడకి రాదు. బ్లూయీ నెగ్గింది. కానీ బింగో ఆట మానేసి వెళ్ళిపోయింది. అప్పుడు వాళ్ళమ్మ బ్లూయీని అడిగేది ఒక్కటే, నీకు నీ మాట నెగ్గడం కావాలా, చెల్లెలు నీతో ఆడటం కావాలా అని. ఎవరిది తప్పో చెప్పదు, సారీ చెప్పించదు. బ్లూయీ మళ్ళీ నాన్నమ్మకి కాల్ చేసి, ఆ డాన్సు ఆవిడకి నేర్పుతుంది.

మా సెంటర్‌లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉన్నారు. అక్క తొక్కుడుబిళ్ళ ఆడుతూ చెల్లెలి కాలు గీత మీద పడిందని అవుట్ చేసింది. నిజంగానే పడింది. చెల్లెలు బిళ్ళ విసిరేసి గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను వెళ్ళి అక్క పక్కన కూర్చుని ఆ ప్రశ్నే అడిగాను. చాలాసేపు బొటనవేలితో మట్టి గీకుతూ ఉండిపోయింది. తర్వాత లేచి సుద్దముక్కతో గడులన్నీ పెద్దవిగా మళ్ళీ గీసింది. చెల్లెలి కాలికి సరిపోయేలా. నేనే చెప్పాల్సి వచ్చి ఉంటే ఈ ఉపాయం నాకు తట్టేది కాదు.

అందుకే పెద్దవాళ్ళు ఆటలో ఉండాలా వద్దా అంటే, బొమ్మగా ఉండకపోయినా ఆ ఒక్క ప్రశ్న అడగగలిగేంత దగ్గరలో ఉండాలి అంటాను.

తణుకు_అక్క

టీచర్ గారూ, ఆ గడులు పెద్దవి చేయడం చదివి కళ్ళు చెమర్చాయి. ఇవాళే మావాడితో ఆ బామ్మల కథ చూస్తాను.

ఎడారిలో_కోనసీమ

ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నాను. మాది మలికిపురం వైపు. కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్నాను. మా వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్‌లో ఉన్న అమ్మో నాన్నో కనిపిస్తారు, మీకు తెలిసిందే. ఉప్పుమూట ఎక్కించుకునే నాన్నల గురించి చదివితే సంతోషంగానే ఉంది, కొంచెం గొంతుకి అడ్డం పడుతోంది కూడా.

క్రికెట్ కథ గురించి ఎవరూ రాయలేదేం? అందులో బ్లూయీ స్నేహితుడు రస్టీ అనే కుక్కపిల్ల ఉంటాడు. వాడి నాన్న సైన్యంలో, దూరంగా ఉంటాడు. వాడికి క్రికెట్ పిచ్చి. పెరట్లో అన్నతో, అన్న స్నేహితులతో గట్టి బంతితో ఆడుతూ దెబ్బ తగిలాక భయం పట్టుకుంటుంది. నాన్న దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది. పెద్దయ్యే కొద్దీ ఇంతకన్నా గట్టివి ఎదురొస్తాయి, తప్పుకోవడమో ఎదురు నిలబడి ఆడటమో నువ్వే తేల్చుకోవాలి అన్నట్టు రాస్తాడు. నాన్న తెర మీద నిలబడి ఏమీ చెయ్యడు. ఆ ఉత్తరమే నాన్న.

చివర్లో పెద్దవాళ్ళు ఎంత బంతి వేసినా రస్టీ అవుట్ కాడు. ఆఖరికి వాడి చెల్లెలు బౌలింగ్‌కి వస్తుంది. చిన్నపిల్ల. కొడితే బంతి ఎక్కడికైనా వెళ్తుంది. వాడు మెల్లగా, చెల్లెలి చేతుల్లోకే క్యాచ్ ఇస్తాడు. అందరూ దాన్ని ఎత్తుకుంటారు.

మా అబ్బాయికి ఏడేళ్ళు, పాపకి నాలుగు. శుక్రవారం నాకు సెలవు. ఇక్కడ సాయంత్రం ఐదైతే అక్కడ ఏడున్నర. వీడియో కాల్ పెట్టుకుని అక్కడ వాళ్ళు, ఇక్కడ నేను ఒకే కథ ఒకేసారి మొదలుపెడతాం. ఒకటి, రెండు, మూడు అని అబ్బాయే లెక్కపెట్టి నొక్కిస్తాడు. నెట్ ఆగితే మళ్ళీ వెనక్కి. డాక్టర్ గారు పక్కన కూర్చుని చూడమన్నారు కదా, నేను కూర్చోగలిగిన పక్క అదే.

ఆ క్రికెట్ కథ అయ్యాక అబ్బాయి ఏమీ అనలేదు. మర్నాడు మా ఆవిడ చెప్పింది, కొబ్బరి మట్టతో పెరట్లో ఆడుతూ చెల్లెలికి మూడుసార్లు అవుటయ్యాడట.

చెరువుగట్టు_నాన్న

అన్నయ్యా, ఇంకేం చెప్పను. మీరు పక్కనే ఉన్నారు.

పాలకొల్లు_అమ్మ

అన్నయ్యగారూ, మీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ తమ్ముడు మస్కట్‌లో ఉండేవారు. ఆ కథ పెట్టు చూద్దాం అన్నారు. బింగో సొంతంగా తన పక్క మీద నిద్రపోవాలనుకునే కథ కూడా చూశాం. కలలో అంతరిక్షమంతా తిరిగి, సూర్యుడి వెచ్చదనం అమ్మది అనిపించే చోటు ఒకటుంది. వెనకాల వచ్చేది హోల్స్ట్ అనే ఇంగ్లీషాయన గురుగ్రహం మీద కట్టిన సంగీతమట. మాటలు దాదాపు లేవు, మూడేళ్ళవాడికి కూడా అర్థమైపోయింది. అలాంటిది మన వైపు కథతో ఎవరైనా తీస్తే ఎంత బాగుంటుందో.

గీతలు_రాజమండ్రి

ఆ మాట కోసమే చూస్తున్నాను అక్కా. నేను బొమ్మలు గీస్తాను, టూడీ యానిమేషన్ నా పని. ఆ సంగతి కొంచెం చెబుతాను.

బ్లూయీ, పెప్పా రెండూ సెల్ యాక్షన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసినవే. ప్రతి కదలికకీ కొత్త బొమ్మ గీయరు. తల, చెయ్యి, మోచెయ్యి, తోక విడివిడి ముక్కలుగా చేసి, కీళ్ళ దగ్గర కలిపి కదుపుతారు. అంటే మన తోలుబొమ్మ ఎలాగో అలాగ. కాకినాడ పక్కన మాధవపట్నంలో తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడుతున్న కుటుంబాలు ఉన్నాయి. మేక తోలు పలచగా చేసి, రంగు వేసి, భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో కడతారు. అక్కడికి వెళ్ళి కూర్చుని చూసినప్పుడు, నేను కంప్యూటర్‌లో చేసే పని వాళ్ళు వెదురు పుల్లతో చేస్తున్నారని తెలిసింది. చిన్నపిల్లలు రాముడు వచ్చినప్పుడు కన్నా, నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చినప్పుడే ముందుకి జరుగుతారు.

కాబట్టి తీయడం మనకి రాని విద్య కాదు. డబ్బు, ఓపిక కావాలి, అది వేరే సంగతి. ముందు కథ, పాత్రలు సరిగ్గా కుదరాలి. పులి, సింహం వద్దు, అవి డెల్టాలో లేవు. మన మధ్య ఉండే జంతువు కావాలి, అక్కాతమ్ముళ్ళు కావాలి. ఏమంటారు?

తణుకు_అక్క

గేదె దూడలు!

చెరువుగట్టు_నాన్న

బాతు పిల్లలు. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు కదా, ఊరూరూ తిరుగుతాయి. రోజుకో కొత్త చేను, కొత్త స్నేహితులు.

రాజోలు_మాస్టారు

కోరంగి మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది. చేపలు పట్టే పిల్లి. అంతకన్నా మన డెల్టాకి తగినది ఏముంటుంది?

కోరంగి_పడవ

మాస్టారూ, బావురుపిల్లి మాకు గర్వమే అండి. కానీ అది ఒంటరిగా తిరుగుతుంది, రాత్రి పూట. తల్లి తప్ప పిల్లల దగ్గర ఇంకెవరూ ఉండరు. మీకు కుటుంబం కావాలంటే నీటికుక్కని తీసుకోండి. నేను కోరంగి వైపు పడవ నడుపుతాను. నీటికుక్కలు గుంపుగా ఉంటాయి, అమ్మ, నాన్న, పోయిన ఈత పిల్లలు, ఈ ఈత పిల్లలు అంతా కలిసి. పిల్లలకి ఈత పుట్టుకతో రాదు, పెద్దవి నేర్పుతాయి. పోటు తీశాక బురద మీద వాటి అడుగులు కనిపిస్తాయి, పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు. చేప పట్టాక కూడా తినే ముందు కాసేపు దానితో ఆడుకోవడం చూశాను. ఆట వాటి ఒంట్లోనే ఉంది.

గీతలు_రాజమండ్రి

పడవ అన్నా, ఇంకేం ఆలోచించక్కర్లేదు. నీటికుక్కలే. అక్క పేరు గౌతమి, తమ్ముడు వైనతేయ. కోరంగి గౌతమి పాయ పక్కనే కాబట్టి.

పాలకొల్లు_అమ్మ

మరి మా వశిష్ఠ?

గీతలు_రాజమండ్రి

వశిష్ఠ వాళ్ళ మావయ్య. అంతర్వేదిలో ఉంటాడు, పండగకి వెళ్తారు. వైనతేయ పాయ చీలింది వశిష్ఠ నుంచే కాబట్టి తమ్ముడికి ఆ మావయ్య అంటే ప్రాణం.

మొదటి కథ ఇలా అనుకుంటున్నాను. గోదారికి వరద. టీవీలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చెబుతుంటారు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మన పిల్లలు ఈ అంకెలు వింటూ పెరుగుతారు కదా. గౌతమి ఇంటి మెట్ల మీద సుద్దతో మూడు గీతలు గీస్తుంది. ఆటలో తమ్ముడే వరద నీళ్ళు. మొదటి గీత దాకా పాకితే అమ్మ వంటసామాను పైకెత్తాలి, రెండో గీతకి నాన్న పడవ విప్పాలి, మూడో గీతకి అందరూ మంచం ఎక్కాలి. తమ్ముడు మూడో గీత దాటను అంటాడు, వాడికి భయం. అక్కకి ఆట పూర్తికావాలి. అక్కడ పేచీ.

లంక_ఇల్లు

క్షమించండి, మధ్యలో వస్తున్నాను. మాది గోదారి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. మాకు వరద ఆట కాదండి. 2022 జులైలో మేము సామాను అటక మీద పెట్టి, పశువుల్ని ఏటిగట్టుకి తోలి, పిల్లల్ని పడవలో దాటించాం. గట్టు మీద టార్పాలిన్ కింద ఎన్ని రాత్రులు ఉన్నామో మాకు తెలుసు. దాన్ని ముద్దుగా చూపిస్తే మా పిల్లలకి ఏమనిపిస్తుందో ఆలోచించండి.

గీతలు_రాజమండ్రి

మీరు చెప్పింది సబబేనండి. ముద్దుగా చూపించే ఉద్దేశం లేదు. మీరు వద్దంటే ఈ కథ పక్కన పెట్టేస్తాను.

అంగన్‌వాడీ_టీచర్

ఒక్క మాట చెప్పనివ్వండి. 2022 వరద తీశాక మా వైపు సెంటర్లు తెరిచినప్పుడు, లంకల నుంచి వచ్చిన పిల్లలు కొన్ని వారాల పాటు అదే ఆడారు. బెంచీ పడవ. పలక తెడ్డు. ఒకడు గట్టు మీద నిలబడి పేర్లు పిలుస్తాడు, మిగతావాళ్ళు ఎక్కుతారు. ప్రతిసారీ ఒక బొమ్మని మర్చిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళి తెచ్చేవారు. మేము ఎవరం నేర్పలేదు. ఆపాలా అని మొదట నాకూ అనుమానం వచ్చింది. ఆపలేదు. తర్వాత్తర్వాత ఆ పడవే బస్సు అయింది, ఆ తర్వాత పెళ్ళి కారు అయింది. పెద్దవాళ్ళం మాట్లాడి భయం దించుకుంటాం, వాళ్ళు ఆడి దించుకుంటారు. నిజంగా తీస్తే మాత్రం లంక పిల్లల ఇంటి నుంచే తీయాలి, మేడ మీద నుంచి చూసే పిల్లల ఇంటి నుంచి కాదు.

లంక_ఇల్లు

మా చిన్నోడు కూడా పడవ ఆట ఆడాడండి టీచర్ గారూ. వాడు మర్చిపోయి తెచ్చేది కోడిపిల్లని. నిజంగా ఆ రోజు ఒకటి వదిలేసి వచ్చాం.

గీతలు తమ్ముడూ, తీయి. కానీ మెట్లు కాదు. మా ఇళ్ళకి అన్ని మెట్లు ఉండవు. కొబ్బరి చెట్టు మీద పెట్టు గీతలు. పోయిన వరద ఎంత దాకా వచ్చిందో బురద మరక చెట్టు మొదలు మీద చాన్నాళ్ళు ఉంటుంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఎత్తు చూసుకుంటారు. మూడో గీత దగ్గర అక్క తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకుంటే వాడు గీతకన్నా పైన ఉంటాడు. పేచీ తీరిపోతుంది.

రాజోలు_మాస్టారు

అమ్మా, నీ కథ తమ్ముడి కథ కన్నా బాగుంది. ఇందులో పెద్దవాళ్ళు బొమ్మలు కావలసిన పని కూడా లేదు. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా ఒక కథ చెయ్యండి. అక్కడికి పదకొండు ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించి దేవుణ్ణి ఊరేగించేవి, వస్తాయి. పిల్లలు వెదురు పుల్లలతో, రంగు కాగితాలతో చిన్న ప్రభ కట్టుకుని వీధిలో ఊరేగిస్తారు. ముందు ఎవరు మొయ్యాలి అనే తగువు ఏటేటా తప్పదు. మా మనవరాలు పోయిన సంక్రాంతికి కట్టింది, ఫొటో పంపిస్తాను.

ఎడారిలో_కోనసీమ

మలికిపురం వైపు పంటు మీద గోదారి దాటే కథ కూడా ఒకటి కావాలి. నాన్న గల్ఫ్ నుంచి వచ్చే రోజు. గొంతు కావాలంటే మా అబ్బాయి ఇస్తాడు.

బ్రిస్బేన్_అమలాపురం

ఒక్క సూచన. పిల్లల గొంతు ఎవరిదైనా గోదారి యాస మార్చకండి. పుస్తకాల భాష వద్దు. ఇక్కడి వాళ్ళు గట్టిగా పట్టుకున్నది అదే.

గీతలు_రాజమండ్రి

అందరూ చెప్పినవి రాసుకున్నాను. కొబ్బరి చెట్టు కథే ముందు. ముందుగా నాలుగు బొమ్మలు గీసి ఇక్కడే పెడతాను, లంక అక్క చూసి సరే అన్నాకే ముందుకి. పడవ అన్నా, తోక ఎలా ఉంటుంది? ఇంటర్నెట్ ఫొటోల్లో అన్నీ వేరే దేశాల నీటికుక్కలే వస్తున్నాయి.

కోరంగి_పడవ

మొదట్లో లావుగా ఉండి చివరికి వచ్చేసరికి బల్లపరుపుగా ఉంటుంది తమ్ముడూ. వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది, అది మర్చిపోకు. బొచ్చు పొట్టిగా నున్నగా, గోధుమరంగు, గొంతు కింద లేతగా. తడిసినప్పుడు దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఎండలో ఒడ్డు మీద దొర్లి ఒళ్ళు ఆరబెట్టుకుంటాయి, పిల్లలు పెద్దవాటి మీద పడి దొర్లుతాయి. రేపు పోటు తీసే వేళకి అటు వెళ్తున్నాను, బురదలో అడుగుల ఫొటోలు తీసి పెడతాను. పక్కన అగ్గిపెట్టె ఉంచి తీస్తాను, సైజు తెలుస్తుంది.